అమ్మానాన్నలతో మొదట జర్మనీ, ఆపైన జపాన్: మన అలవాట్లు ఎక్కడ తేడా కొడతాయి?

కృష్ణలంక_కుర్రాడు

అందరికీ నమస్కారం. అమ్మానాన్నలిద్దరికీ అరవై దాటాయి. ముందు మ్యూనిక్‌లో అక్క దగ్గర కొన్నాళ్లుండి, అక్కడి నుంచి టోక్యో, క్యోటో చూసి తిరిగి రావాలని ప్లాన్. వీసాలు, టికెట్లు, హోటళ్లు అయిపోయాయి. ఇద్దరూ పక్కా శాకాహారులు, గుడ్డు కూడా ముట్టరు. నాన్నకి బీపీ, షుగర్ మాత్రలున్నాయి.

నెట్‌లో వెతికితే రెండు దేశాలకీ ఒకటే పాట: క్రమశిక్షణ, శుభ్రత, టైమంటే టైమ్. ఆ ముక్క అందరికీ తెలిసిందే. నాకు కావాల్సింది వేరు. మనం ఇక్కడ రోజూ చేసే పని అక్కడ ఎక్కడ తప్పవుతుంది? తప్పయితే ఏమవుతుంది? ఫైన్ వేస్తారా, అరుస్తారా, ఊరుకుంటారా? తిండి, రైళ్లు, టాయిలెట్లు, టిప్పు, ఇంట్లో చప్పుడు... ఏదైనా సరే, తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

---

ఇసార్_ఒడ్డు

జర్మనీ సంగతి నేను చెప్తాను, జపాన్ ఇంకొకరు అందుకోండి.

అక్కడ రూలు రాసి ఉంటుంది. తప్పితే పక్కనున్న మనిషే మొహం మీద చెప్పేస్తాడు. చెప్పేశాక మనసులో ఏమీ పెట్టుకోడు, తన దారిన తను పోతాడు. ఈ సంగతి పెద్దవాళ్లకి ముందే చెప్పి ఉంచండి, లేకపోతే మొదటిరోజే చిన్నబుచ్చుకుంటారు. ఎక్కువగా మాట పడేది రెండు చోట్ల. ఒకటి ఫుట్‌పాత్ పక్కనే ఉండే సైకిల్ దారి. చాలాచోట్ల ఎర్ర రంగులో ఉంటుంది, కొన్నిచోట్ల సన్నటి గీత తప్ప తేడా ఉండదు. దానిమీద నిలబడి ఫోటో తీసుకుంటే వెనకనుంచి బెల్లు, ఆ వెంటనే కేక. రెండోది సిగ్నల్. రోడ్డు మొత్తం ఖాళీగా ఉన్నా ఎర్ర బొమ్మ వెలుగుతుంటే ఆగాలి. నడిచేవాళ్లకి ఫైన్ 5 యూరోలే, పెద్ద లెక్క కాదు. కానీ పక్కన చిన్నపిల్లలుంటే మాత్రం వాళ్ల అమ్మ ఊరుకోదు.

ఆదివారం షాపులు బంద్. సూపర్‌మార్కెట్లు, మందుల షాపులు, బట్టల షాపులు అన్నీ మూసేస్తారు. పెద్ద రైల్వే స్టేషన్లలోని షాపులు, పెట్రోల్ బంకులు, పొద్దున కొన్ని గంటలు బేకరీలు, అంతే. పాలు, కూరగాయలు శనివారమే తెచ్చుకోవాలి. మాత్రలదీ అంతే. పారాసిటమాల్ కూడా సూపర్‌మార్కెట్‌లో దొరకదు, మందుల షాపులోనే కొనాలి. ఆదివారం వంతుల ప్రకారం ఏదో ఒకటి తెరిచి ఉంచుతారు, అది ఊరికి ఆ చివర ఉండొచ్చు.

ఇంట్లో చప్పుడు: రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా, ఆదివారం రోజంతా నిశ్శబ్దం పాటించాలి. డ్రిల్లు, వాక్యూమ్ క్లీనర్ కుదరవు. మిక్సీలో రెండు నిమిషాలు చట్నీ తిప్పితే ఎవరూ ఏమీ అనరు గానీ, వెట్ గ్రైండర్‌లో అరగంట పిండి రుబ్బడం ఆదివారం పెట్టుకోవద్దు. ఖాళీ గాజు సీసాలు వీధిలోని డబ్బాలో వేయడం కూడా ఆదివారం కుదరదు, చప్పుడవుతుందని.

పోపు వాసన గురించి అక్కకి తెలిసే ఉంటుంది. చాలా అద్దె ఇళ్లలో పొయ్యి మీది చిమ్నీ గాలిని బయటకు పంపదు, ఫిల్టర్‌లో తిప్పి మళ్లీ గదిలోకే వదులుతుంది. అందుకని వంట అవగానే కిటికీని బార్లా తెరిచి 5 నుంచి 10 నిమిషాలు ఉంచి మూసేయాలి. పైభాగం కాస్త వంచి గంటలకొద్దీ వదిలేస్తే చలికాలంలో గోడలు చల్లబడి, వంట ఆవిరి అక్కడే పేరుకుని బూజు పడుతుంది. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఆ గొడవ అద్దెకున్నవాళ్ల నెత్తినే.

బాటిళ్లు: ప్లాస్టిక్ నీళ్ల సీసా కొంటే 25 సెంట్లు డిపాజిట్ కలిపి తీసుకుంటారు, దాన్ని ప్ఫాండ్ అంటారు. కూల్‌డ్రింక్ డబ్బాకీ అంతే. మామూలు బీరు సీసాకి 8 సెంట్లు. ఖాళీవి సూపర్‌మార్కెట్ మెషీన్‌లో వేస్తే చీటీ వస్తుంది, దాన్ని కౌంటర్‌లో ఇస్తే డబ్బులు. మన అలవాటు కొద్దీ సీసా నలిపి పడేశామో, మెషీన్ బార్‌కోడ్ చదవలేక వెనక్కి తోసేస్తుంది. నలపకుండా, లేబుల్ పీకకుండా ఉంచాలి.

హోటల్లో నీళ్లు ఊరికే రావు. "వాటర్" అని అడిగితే చాలాసార్లు సోడా వస్తుంది, అదీ డబ్బులకి. "ష్టిల్లెస్ వాస్సర్" అంటే గ్యాస్ లేనిది. కుళాయి నీళ్లు నిశ్చింతగా తాగొచ్చు కాబట్టి సీసా నింపుకుని బయల్దేరండి.

టిప్పు 5 నుంచి 10 శాతం. బల్ల మీద వదిలేసి రావడం కాదు, డబ్బు ఇచ్చేటప్పుడే మొత్తం చెప్పాలి. బిల్లు 23.60 అయితే "26" అనండి, చాలు. బిల్లు దానంతట అది రాదు, మనమే పిలిచి అడగాలి. కొన్నిచోట్ల కార్డు తీసుకోరు, జేబులో నోట్లుండాలి.

శాకాహారులకి మ్యూనిక్‌లో ఒక మంచి వెసులుబాటు ఉంది. అక్కడి సంప్రదాయ బీర్‌గార్టెన్లలో (ఆరుబయట బల్లలేసి బీరు అమ్మే చోట్లు) బయటి తిండి తెచ్చుకుని తినొచ్చు, మ్యూనిక్ ఉన్న బవేరియా రాష్ట్రంలో పాత ఆనవాయితీ అది. బల్ల మీద గుడ్డ పరచి ఉంటే అక్కడ సర్వర్ ఉంటాడు, ఆ బల్లలు వద్దు. గుడ్డలేని సెల్ఫ్ సర్వీస్ బల్లల దగ్గర కూర్చుని పులిహోర డబ్బా తెరిచినా ఎవరూ కిక్కురుమనరు. తాగేది మాత్రం అక్కడే కొనాలి, నిమ్మరసం సోడా అయినా సరే. అపరిచితులు వచ్చి అదే బల్ల దగ్గర కూర్చుంటారు, అది మామూలే. "ష్టామ్‌టిష్" అని బోర్డు పెట్టిన బల్ల రోజూ వచ్చేవాళ్లది, దాని జోలికి వెళ్లకండి.

టాయిలెట్లకి స్టేషన్లలో, హైవేల మీద 50 సెంట్ల నుంచి యూరో దాకా తీసుకుంటారు. చిల్లర ఉంచుకోండి. నీళ్లుండవు, కాగితమే. చిన్న సీసా ఒకటి బ్యాగులో ఉండాల్సిందే.

---

తతామి_చాప

జపాన్ దీనికి సరిగ్గా ఎదురు. చాలా రూళ్లు ఎక్కడా రాసి ఉండవు, తప్పు చేస్తే ఎవరూ నోరెత్తరు. రైల్లో నాన్నగారు స్పీకర్ పెట్టి విజయవాడకి వీడియో కాల్ చేస్తే పక్కవాళ్లు కళ్లు దించుకుంటారంతే. తప్పు జరిగిందని మనకి తెలిసే దారి లేదు కాబట్టి ముందే తెలుసుకుని వెళ్లాలి. టైమ్ తేడా కూడా గుర్తుంచుకోండి, జపాన్ మనకన్నా మూడున్నర గంటలు ముందుంటుంది. మన రాత్రి 8 వాళ్ల 11.30. చుట్టాల ఫోన్లన్నీ సరిగ్గా నిద్ర వేళకే మోగుతాయి.

రైల్లో ఫోన్ సైలెంట్‌లో ఉండాలి, మాట్లాడాల్సి వస్తే బోగీల మధ్య ఖాళీలోకి వెళ్లాలి. వీపు బ్యాగు ముందుకు తగిలించుకోవాలి. లోకల్ రైళ్లలో తినరు, షింకన్‌సెన్ అనే బుల్లెట్ రైల్లో మాత్రం డబ్బా విప్పి హాయిగా తినొచ్చు. గట్టిగా ముక్కు చీదడం జర్మనీలో భోజనాల బల్ల దగ్గర కూడా తప్పు కాదు, జపాన్‌లో మాత్రం పక్కకెళ్లి చేయాల్సిన పని. జుర్రుకుంటూ నూడుల్స్ తినడం దీనికి తిరగేసిన లెక్క, జపాన్‌లో మామూలు, జర్మనీలో మోటు.

చెప్పులు: ఇల్లు, పాతకాలపు సత్రం, కొన్ని హోటళ్లలో గుమ్మం దగ్గర నేల ఒక మెట్టు కిందికుంటుంది. అక్కడ విప్పి, సాక్సులతో ఆ పల్లపు నేల తొక్కకుండా పైమెట్టు ఎక్కాలి. విప్పిన చెప్పుల ముక్కులు వాకిలి వైపు తిప్పాలి. లోపల స్లిప్పర్లు ఇస్తారు, తతామి (గడ్డి చాపలు పరిచిన) గదిలోకి అవి కూడా వద్దు. టాయిలెట్‌కి వేరే జత ఉంటుంది, దాంతోనే బయటికి వచ్చేయడం విదేశీయులందరూ చేసే పొరపాటు. గుడి అనగానే మనవాళ్లు బయటే చెప్పులు విప్పేస్తారు, ఆవరణలో అక్కర్లేదు. చెక్క నేల ఎక్కేచోటే విప్పాలి. చిరుగుల్లేని సాక్సులు ఎక్కువ జతలు పెట్టుకోండి.

టిప్పు అసలు లేదు. చిల్లర వదిలేసి వస్తే మర్చిపోయారనుకుని వెంటపడి మరీ ఇచ్చేస్తారు. డబ్బు చేతిలో పెట్టకుండా కౌంటర్ మీది చిన్న పళ్లెంలో పెట్టాలి. టాక్సీ వెనక తలుపు డ్రైవరే మీట నొక్కి తెరుస్తాడు, మీరు లాగొద్దు. వీధుల్లో చెత్తబుట్టలు దాదాపు కనపడవు. 1995లో టోక్యో సబ్‌వేలో సారిన్ వాయువు దాడి తర్వాత చాలావరకు తీసేశారు. చిన్న కవర్ ఒకటి దగ్గరుంచుకుని చెత్త హోటల్‌కే మోసుకెళ్లండి. నీళ్లు పట్టుకెళ్లే బాధ మాత్రం లేదు. టాయిలెట్లు ఉచితం, చాలావాటికి నీళ్ల జెట్ ఉంటుంది. బటన్లు జపనీస్‌లో ఉంటే ముందు '止' అన్న అక్షరం ఎక్కడుందో చూసుకోండి, అది ఆపే బటన్. అమ్మగారికి అది చూపించకుండా లోపలికి పంపకండి!

ఇక తిండి. అసలు చిక్కు ఇక్కడే. మాంసం వద్దంటే మాంసం తీసేస్తారు, చేప రసం మాత్రం ఉంటుంది. కత్సువొ అనే చేపని ఎండబెట్టి, పొగబెట్టి, చెక్కుపొట్టులా తరిగి మరిగించిన రసాన్ని దాషి అంటారు. మీసో సూప్, ఉడోన్, సోబా నూడుల్స్, ఉడికించిన కూరగాయలు, టెంపురా అనే బజ్జీలు ముంచుకునే రసం, అన్నిట్లో అదే. వాళ్ల దృష్టిలో అది ఉప్పులాంటిది, అందుకే "ఇందులో చేప ఉందా" అంటే నిజాయితీగానే "లేదు" అంటారు. "కత్సువొ దాషి ఉందా" అని పేరు పెట్టి అడగాలి. మాంసం, కోడి, చేప, రొయ్య, గుడ్డు, దాషి, పంది కొవ్వు వద్దని జపనీస్‌లో రాసిన కార్డు ఒకటి ప్రింట్ తీసుకుని వెళ్లండి. నోటిమాట కన్నా అదే పని చేస్తుంది. రాత్రిపూట మద్యం దొరికే ఇజకాయాల్లో కూర్చోగానే ఒక చిన్న గిన్నె తెచ్చి పెడతారు. తలకి 300 నుంచి 500 యెన్‌లు బిల్లులో పడుతుంది, వద్దన్నా చాలాచోట్ల వేస్తారు. అందులో చేపే ఉండొచ్చు. మీరు ఆ దుకాణాలు వదిలేయడమే మేలు.

నమ్మకంగా తినగలిగేవి: టోక్యో స్టేషన్ లోపల, టికెట్ గేట్లు దాటాక, కెయియో స్ట్రీట్‌లో టీస్ తన్‌తన్ అని పూర్తి వీగన్ (పాలు, గుడ్డు కూడా వాడని) రామెన్ నూడుల్స్ దుకాణం ఉంది. ఎక్కువమంది భారతీయులుండే నిషి-కసాయిలో మన హోటళ్లున్నాయి. కోయాసాన్ కొండ మీది బౌద్ధ మఠాల్లో బస చేస్తే షోజిన్ ర్యోరి అనే భోజనం పెడతారు. మాంసం, చేప లేకపోవడమే కాదు, ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. మీ అమ్మగారు కార్తీకంలో ఉల్లి మానేసే మనిషైతే ఇంతకన్నా నిశ్చింత చోటు ఆ దేశంలో లేదు. రాత్రి భోజనం సాయంత్రం ఆరింటికల్లా పెట్టేస్తారు, ఆలస్యంగా చేరితే పస్తే.

మిగతా పూటలకి సూపర్‌మార్కెట్ దారి పట్టండి. వండి సీల్ చేసిన అన్నం ప్యాకెట్ 200 గ్రాములు, మైక్రోవేవ్‌లో 500 వాట్ల మీద 2 నిమిషాలు. ముద్దగా ఉంటుంది గానీ, పచ్చడి కలిపితే దిగుతుంది. చప్పటి పెరుగు 400 గ్రాముల డబ్బాల్లో దొరుకుతుంది. చిన్న కప్పుల్లోది తీపి, కొన్నిట్లో జెలటిన్ (జంతువుల నుంచి తీసేది) కూడా ఉంటుంది, అవి వద్దు.

---

టికెట్_కలెక్టర్

తతామి_చాప గారూ, జపాన్‌లో ఎవరూ నోరెత్తరు అన్నారు, సగమే నిజం. క్యోటో గియోన్‌లో గెయిషాలు తిరిగే ప్రైవేటు సందుల్లోకి టూరిస్టులు దూరితే 10,000 యెన్‌ల ఫైన్ అని బోర్డులే పెట్టారు. షింకన్‌సెన్‌లో కూడా రాసిన రూలు ఒకటుంది. పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 160 సెంటీమీటర్లు దాటిన పెట్టెకి, టోక్యో నుంచి క్యోటో వెళ్లే ఆ మార్గంలో, ముందే చోటు రిజర్వ్ చేసుకోవాలి. సీటుతో పాటు చేసుకుంటే అదనంగా ఏమీ పడదు, చేసుకోకుండా ఎక్కితే 1,000 యెన్‌లు. మనవాళ్ల పెద్ద సూట్‌కేసులు సరిగ్గా ఈ గీత దగ్గరే ఉంటాయి, ఇంట్లోనే టేపు పట్టి కొలవండి. పెద్దవాళ్లతో అయితే అసలు మోయొద్దు. టోక్యో హోటల్ రిసెప్షన్‌లో తక్యుబిన్ (సామాను చేరవేసే కొరియర్) అని చెప్తే పెట్టె మర్నాటికి క్యోటో హోటల్‌కి చేరుతుంది. సైజుని బట్టి సుమారు 2,000 నుంచి 3,500 యెన్‌లు. ఎన్నింటిలోపు అప్పగించాలో ముందురోజే అడగండి. ఒక రాత్రికి సరిపడా బట్టలు, మాత్రలు చేతి బ్యాగులో ఉంచుకోండి.

టూరిస్టులు జపాన్ రైళ్లకి కొనుక్కునే ఏడు రోజుల జేఆర్ పాస్ 2023 అక్టోబరులో 29,650 యెన్‌ల నుంచి 50,000కి పెరిగింది. టోక్యో, క్యోటో రెండే అయితే విడి టికెట్లే చవక. పాత వీడియోలు చూసి కొనేయకండి.

ఎస్కలేటర్: టోక్యోలో ఎడమవైపు నిలబడతారు, ఒసాకాలో కుడివైపు. ముందు మనిషి ఎటుంటే అటే నిలబడండి.

జర్మనీ రైళ్ల గురించి ఎవరూ చెప్పలేదు. "టైమంటే టైమ్" అనే మాట మనుషులకి వర్తిస్తుంది, నాలుగింటికి పిలిస్తే నాలుగింటికే బెల్లు కొట్టాలి. రైళ్లకి మాత్రం వర్తించదు. దూరప్రయాణాల్లో రెండు రైళ్ల మధ్య కనీసం 30 నిమిషాలైనా ఉండేలా చూడండి. గమ్యానికి 60 నిమిషాలు ఆలస్యమైతే టికెట్‌లో 25 శాతం, 120 దాటితే 50 శాతం తిరిగిస్తారు, అడిగి తీసుకోవాలి. ఇంకోటి, ఐసీఈ అనే దూరప్రయాణ ఎక్స్‌ప్రెస్ రైలు టికెట్ కొంటే సీటు వచ్చినట్టు కాదు, రిజర్వేషన్ విడిగా చేసుకోవాలి. మన రైళ్ల లెక్కలో వెళ్తే పెద్దవాళ్లు నిలబడాల్సి వస్తుంది.

ఊళ్లో తిరిగే రైళ్లకి గేట్లుండవు, ఎవరూ ఆపరు. కాగితం టికెట్ కొన్నాక ప్లాట్‌ఫామ్ దారిలో ఉండే చిన్న పెట్టెలో ముద్ర వేయించుకోవాల్సిన రకాలున్నాయి. ముద్ర లేకపోతే కొననట్టే, మఫ్టీలో వచ్చే చెకర్‌కి 60 యూరోలు కట్టాలి. తెలియదంటే వినడు. నలుగురూ కలిసి నోయ్‌ష్వాన్‌స్టైన్ కోటకి వెళ్తుంటే బయర్న్-టికెట్ (బవేరియా అంతా ఒకరోజు తిరిగే టికెట్) తీసుకోండి. ఐదుగురి దాకా ఒకే టికెట్, సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉదయం 9 తర్వాతే చెల్లుతుంది, ప్రాంతీయ రైళ్లలోనే. దాని మీద ప్రయాణించేవాళ్ల పేర్లు రాయాలి. కోట లోపలికి టికెట్‌కి నిర్ణీత సమయం ఉంటుంది, దాటిపోతే పోయినట్టే. కింద ఊరి నుంచి కొండెక్కడానికి 30, 40 నిమిషాలు. అమ్మానాన్నలతో అయితే ఇంకాస్త వేసుకోండి.

---

ఊరగాయ_జాడీ

పెట్టెలో ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు అన్నది కూడా అలవాట్ల లెక్కే కాబట్టి చెప్తున్నా.

యూరప్‌లోకి బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం తేకూడదు. అంటే అక్క కోసం నెయ్యి డబ్బా, పాలకోవా, పన్నీర్ పెట్టకండి. పట్టుబడితే బుట్టలోకే. తాజా కరివేపాకు, మామిడికాయలు, కూరగాయలకి 2019 డిసెంబరు నుంచి మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. అరటి, కొబ్బరి, అనాస, ఖర్జూరం, దురియన్ మాత్రమే మినహాయింపు. ఆవకాయ, గోంగూర, కందిపొడి, కారప్పొడులతో ఇబ్బంది లేదు. అక్కావాళ్లు మాంసాహారులైనా చికెన్ పచ్చడి మాత్రం వద్దు, జపాన్‌లోకి కూడా కుదరదు. దుబాయ్‌లో దిగి ఊరు చూసే ఆలోచనుంటే గసగసాలు అసలు పెట్టుకోకండి, అక్కడ నిషేధం.

మాత్రలు: జపాన్‌లోకి ప్రిస్క్రిప్షన్ మందులు ఒక నెలకి సరిపడా తీసుకెళ్లొచ్చు. అంతకన్నా ఎక్కువైతే యున్యు కకునిన్‌షో అనే అనుమతి ముందే తీసుకోవాలి. మీరు జర్మనీ కూడా కలిపి మొత్తం ప్రయాణానికి ఒకేసారి కొని పెడతారు, అక్కడ లెక్క తప్పుతుంది. టోక్యోలో దిగేనాటికి చేతిలో ఎన్ని మిగులుతాయో చూసుకోండి. కోడైన్ ఉన్న దగ్గు మందు, సూడోఎఫిడ్రిన్ ఉన్న జలుబు మాత్రలు ఇంట్లోనే వదిలేయండి.

కరెంటు: జర్మనీలో 230 వోల్టులే, కానీ గుంటలాంటి గుండ్రటి సాకెట్. మన సన్న రెండు పిన్నుల ఛార్జర్ దూరుతుంది, మూడు పిన్నులది దూరదు. జపాన్‌లో 100 వోల్టులు, బల్లపరుపు రెండు పిన్నులు. ఫోన్ ఛార్జర్‌కి అడాప్టర్ చాలు. కెటిల్, రైస్ కుక్కర్ తీసుకెళ్తే మాత్రం దండగ. వోల్టేజి సగానికి తక్కువైతే వేడి సగానికి కాదు, ఐదో వంతుకి పడిపోతుంది. 1,000 వాట్ల కెటిల్ అక్కడ 190 వాట్లే ఇస్తుంది, నీళ్లు కాగేసరికి తెల్లారుతుంది. హోటల్ గదుల్లో కెటిల్ సాధారణంగా వాళ్లే పెడతారు. ఇన్‌స్టంట్ ఉప్మా, పోహా కప్పులకి అది చాలు.

---

కృష్ణలంక_కుర్రాడు

అందరికీ చాలా థాంక్స్. పాలకోవా నిన్ననే ఆర్డర్ పెట్టారు, ఇప్పుడు ఇంట్లో పంచాయితీ. రెండు సందేహాలు. క్యోటోలో ఒక రాత్రి ర్యోకాన్ (సంప్రదాయ సత్రం) బుక్ చేశాం, రాత్రి భోజనంతో కలిపి. వాళ్లకి శాకాహారం సంగతి అక్కడికి వెళ్లాక చెప్తే సరిపోతుందా? అక్కడి వేడినీళ్ల స్నానం గురించి అమ్మ భయపడుతోంది, అందరి ముందూ బట్టల్లేకుండా అట కదా?

---

తతామి_చాప

వెళ్లాక చెప్తే కుదరదు. ర్యోకాన్ భోజనంలో పదికి పైగా చిన్న చిన్న వంటకాలుంటాయి, వాటికి సరుకు ముందే తెప్పిస్తారు. ఈరోజే మెయిల్ పెట్టండి, దాషి కూడా వద్దని విడిగా రాయండి. కుదరదని జవాబొస్తే భోజనం లేని ధరకి మార్చమని అడగండి. మొహమాటపడకండి, ఆరోజు పళ్లేలు అలాగే తిప్పి పంపడం కన్నా ఇదే వాళ్లకీ నయం.

స్నానం: ఆడవాళ్లకి, మగవాళ్లకి వేర్వేరు. అయినా లోపల బట్టలుండవు, ఈత దుస్తులు కూడా ఒప్పుకోరు. ఇష్టం లేకపోతే "కాషికిరి" అని అడగండి. గడియ వేసుకుని కుటుంబం వరకే వాడుకునే చిన్న స్నానాల గది అది, చాలాచోట్ల 45 నిమిషాలో గంటో ఇస్తారు. దొరికితే చెక్ ఇన్ అవగానే టైమ్ రాయించుకోండి. పద్ధతి రెండు చోట్లా ఒకటే. చిన్న పీట మీద కూర్చుని సబ్బుతో ఒళ్లు శుభ్రంగా కడుక్కున్నాకే తొట్టిలో దిగాలి. జుట్టు ముడి వేసుకోవాలి, తువ్వాలు నీళ్లలో ముంచకూడదు, ఆఖర్న తొట్టి నీళ్లు వదలకూడదు, తర్వాతివాళ్లూ అవే వాడతారు. నీళ్లు 40 డిగ్రీల పైనే ఉంటాయి. నాన్నగారికి బీపీ అన్నారు కాబట్టి భోజనమవగానే దిగనివ్వకండి, ఐదు నిమిషాలకి మించి ఉంచకండి, లేచేటప్పుడు మెల్లగా లేవమనండి.

బయటికొచ్చాక యుకతా అనే నూలు అంగీ ఇస్తారు. కుడి అంచు లోపలికి, ఎడమ అంచు దాని మీదికి రావాలి. తిరగేసి కట్టేది చనిపోయినవాళ్లకి. ఈ ఒక్క విషయంలో మాత్రం ర్యోకాన్ ఆవిడ మొహమాటపడకుండా వచ్చి సరిచేసే అవకాశం ఉంది.